కిలోమీటరుకు అరకోటి: కవచ్ పెట్టుబడి ఏ లెక్కన గిట్టుబాటు?

లెక్కల_శాస్త్రి
కవచ్, అంటే ఎరుపు సిగ్నల్ దాటకుండా, ఢీకొనకుండా రైలును తనంతట తానే ఆపే వ్యవస్థ, ఎందుకు అని అడగడం లేదు. ఏ పద్దు కింద గిట్టుబాటు చూపిస్తారు అన్నదే నా ప్రశ్న. రైల్వే మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు చెబుతూ వస్తున్న అంకెలే తీసుకుందాం. ట్రాక్ పక్కన, స్టేషన్లలో సామగ్రికి కిలోమీటరుకు దాదాపు 50 లక్షలు. ఒక్కో లోకోకు (ఇంజనుకు) దాదాపు 80 లక్షలు. విజయవాడ–గూడూరు సుమారు 290 కి.మీ. కాబట్టి లైనుకే 145 కోట్లు. ఆ లైను మీద తిరిగేవాటిలో 150 లోకోలకు అమర్చామనుకుంటే ఇంకో 120 కోట్లు. మొత్తం 265 కోట్లు.

15 ఏళ్ల ఆయుష్షు, 10 శాతం వడ్డీ వేసుకుంటే ఏటా 35 కోట్ల వాయిదా పడుతుంది. నిర్వహణకు పెట్టుబడిలో 4 శాతం అనుకుందాం, అది 10.6 కోట్లు. ఏడాదికి 45 కోట్ల పైమాట. భద్రత పనులకు రేట్ ఆఫ్ రిటర్న్ చూపనక్కర్లేదు కాబట్టి ఫైలు కదిలిపోతుంది, నిజమే. కానీ డబ్బు ఒకేసారి రాదు కదా. ఏ సెక్షన్ ముందు, ఏ లోకో ముందు అన్నది తేల్చడానికైనా ఒక లెక్క కావాలి. ఈ 45 కోట్లకు ఎదురుగా ఏం రాయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రదీపం
ప్రాణానికి ధర కట్టి ఎదురుగా రాయమంటారా? రైలు ప్రమాదంలో చనిపోతే చట్టప్రకారం పరిహారం 8 లక్షలు, 2023 సెప్టెంబరు నుంచి ఎక్స్‌గ్రేషియా 5 లక్షలు. ఆ 13 లక్షలే ప్రాణం విలువ అనుకుని లెక్క కడితే దేశంలో ఏ భద్రతా పనీ గిట్టదు.

లెక్కల_శాస్త్రి
పరిహారాన్ని విలువగా నేనూ తీసుకోను. కానీ అదే 265 కోట్లతో రోడ్ ఓవర్ బ్రిడ్జిలు కడితే, ట్రాక్‌కు కంచె వేస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి అన్న పోలిక మాత్రం తప్పదు. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లను 2019 జనవరికల్లా తీసేశారు. పెద్ద ప్రమాదాల లెక్క 2014-15లో 135 ఉంటే 2023-24కి 40కి దిగింది. అందులో ఎక్కువ భాగం కవచ్ రాకముందే తగ్గింది.

సిగ్నల్_గది
ముందు ఆ 50 లక్షల్లో ఏముందో విడదీస్తే మీ లెక్క ఎక్కడ కదులుతుందో తెలుస్తుంది.

స్టేషన్‌లో ఒక వైటల్ కంప్యూటర్, సిల్-4 స్థాయిది (భద్రతలో అత్యున్నత స్థాయి). అది ఇంటర్‌లాకింగ్ (పాయింట్లకూ సిగ్నళ్లకూ పొంతన తప్పకుండా చూసే వ్యవస్థ) నుంచి ప్రతి సిగ్నల్, పాయింట్ (బండి లైను మారే చోటు), ట్రాక్ సర్క్యూట్ (లైను మీద బండి ఉందో లేదో చెప్పేది) స్థితి చదువుతుంది. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉంటే పని సులువు. పాత రిలే ఇంటర్‌లాకింగ్ అయితే ఖాళీ రిలే కాంటాక్ట్ వెతకాలి, లేకపోతే రిపీటర్ రిలేలు వేయాలి. రిలే ర్యాకులో చోటు లేకపోతే కొత్త గది. రేడియో కోసం 40 మీటర్ల టవర్, దాని పునాది, మట్టి పరీక్ష. స్టేషన్ల మధ్య ఆప్టికల్ ఫైబర్. విడి బ్యాటరీలు, చార్జర్లు. పిడుగుల నుంచి రక్షణకు ఎర్తింగ్. స్లీపర్ల మధ్యన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు: ప్రతి సిగ్నల్ దగ్గరా, బ్లాక్ సెక్షన్‌లో (రెండు స్టేషన్ల మధ్య) కిలోమీటరుకు మించని దూరంలో, ఒక్కోచోట అసలుది, దానికి తోడు ఇంకోటి.

ఇందులో ట్యాగుల ఖర్చు చాలా చిన్నది. టవర్లు, ఫైబర్, గదులే భారం. అవి స్టేషన్ల సంఖ్యను బట్టి పెరుగుతాయి. స్టేషన్లు 6 కి.మీ.కు ఒకటి ఉన్న సెక్షన్‌కూ 12 కి.మీ.కు ఒకటి ఉన్న సెక్షన్‌కూ కిలోమీటరు రేటు ఒకటే వేయకూడదు.

కాజీపేట_వ్యాగ్9
శాస్త్రిగారూ, 150 లోకోలు అని అంత తేలిగ్గ రాసిన్రు గానీ అసలు చిక్కంత ఆడ్నే ఉన్నది. విజయవాడ మీదికెళ్లి పోయే ఎక్స్‌ప్రెస్‌లకు లాలాగూడ లోకో ఉంటది, రాయపురం లోకో ఉంటది, ఈరోడ్ ఉంటది, హౌరా దిక్కువి ఉంటయి. గూడ్సు లోకోలైతే దేశమంత తిరుగుతయి. ఇయ్యాల కాజీపేటల ఉన్న ఇంజను వారం తర్వాత ఏ జోన్‌ల ఉంటదో చెప్పలేం. లైన్‌కు కవచ్ ఉన్నా లోకోకు లేకపోతే ఆ బండి మామూలు బండే. లోకోకు ఉండి లైన్‌కు లేకున్నా అంతే.

లెక్కల_శాస్త్రి
అంటే లాభాన్ని లైను వాటా, లోకో వాటా గుణిస్తే వచ్చిందే అనుకోవాలి. లైను నూటికి నూరు, లోకోలు 40 శాతం అయితే మిగిలేది 40 శాతం. పైగా ఢీకొనడానికి రెండు బళ్లు కావాలి కదా, రెండింటికీ ఉండాలంటే 40ని 40తో గుణించాలి, 16 శాతమే. ఇది సరైనదేనా?

సిగ్నల్_గది
కాదండి, ఈ 16 శాతం లెక్క చాలామంది వేస్తారు. కవచ్ ఇచ్చే ప్రధాన రక్షణ సిగ్నల్ నుంచి పుడుతుంది. ఎదురుగా ఎరుపు ఉంటే, వెనకొచ్చే బండి దాన్ని దాటకుండా ఆపడానికి ఆ వెనకొచ్చే బండికి మాత్రమే కవచ్ ఉంటే చాలు. ముందున్న బండిని ట్రాక్ సర్క్యూటో యాక్సిల్ కౌంటరో చూపిస్తుంది. కాబట్టి ఎరుపు దాటడం, లూప్ లైన్లో (మెయిన్ లైను పక్క లైనులో) గంటకు 30 కి.మీ. దాటడం, శాశ్వత వేగ పరిమితి మీరడం, వీటన్నిటికీ మీ మొదటి లెక్కే వర్తిస్తుంది.

రెండు లోకోలకూ ఉండాల్సింది ఒక్క సందర్భంలో: ఒకే బ్లాక్‌లో రెండు బళ్లు ఎదురెదురుగా వచ్చినప్పుడో, వెనక నుంచి తగిలేలా ఉన్నప్పుడో ఒకదాని స్థానం ఇంకొకటి రేడియోలో తెలుసుకుని ఆగడం. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిడ్డ మధ్య మంత్రి లోకోలో కూర్చుని చూపించిన పరీక్ష అదే. ఎదుటి లోకోకు 380 మీటర్ల ముందు ఆగింది. చూడటానికి అది గొప్పగా ఉంటుంది. కానీ రోజువారీ లాభమంతా మొదటి రకంలోనే ఉంది.

గుంతకల్లు_గూడ్స్
దక్షిణ మధ్య రైల్వేలో మొదట వేసిన 1,465 కి.మీ. ఎక్కడో చూడండి. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ కలిపి 265. మన్మాడ్–ముద్ఖేడ్–డోన్–గుంతకల్లు 959. బీదర్–పర్భణి 241. మొదట్లో లోకోలు 144. బళ్లు కిక్కిరిసిన చెన్నై–హౌరా లైను ఇందులో లేదు, ఢిల్లీ–చెన్నై గ్రాండ్ ట్రంక్ లైనూ లేదు. శాస్త్రిగారి గుణకారంలో మూడో సంఖ్య కూడా ఉండాలి, రోజుకు ఎన్ని బళ్లు అన్నది. రోజుకు 20 బళ్లు తిరిగే లైను మీద కిలోమీటరుకు 50 లక్షలు, 120 తిరిగే చోటా అవే 50 లక్షలు.

సిగ్నల్_గది
అది పరీక్షా క్షేత్రం అన్నది మరచిపోవద్దు. ప్రయాణికుల బండి మీద మొదటి క్షేత్ర పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి, జాతీయ వ్యవస్థగా ఎంచుకున్నది 2020 జులైలో. పనికొస్తుందో లేదో తేలని వ్యవస్థను రోజుకు 120 బళ్ల లైను మీద పెడితే, ఒక్క రేడియో సమస్యకు డివిజన్ మొత్తం ఆగుతుంది. పరీక్షకు తక్కువ రద్దీ లైను ఎంచుకోవడం సరైన పనే. పరీక్ష అయ్యాక కూడా అదే వరసలో పోతే తప్పు. 4.0 వెర్షన్‌కు 2024 జులైలో ఆమోదం వచ్చాక మొదట వాడకంలోకి తెచ్చింది ఢిల్లీ–ముంబయి మార్గంలో కోటా–మథుర 324 కి.మీ.లో, 2025 జులైలో. వరస మారింది.

ఎర్రదీపం
మన ఊళ్ల దగ్గర జరిగింది కూడా లెక్కలోకి తీసుకోండి. 2023 అక్టోబరు 29, విజయనగరం జిల్లా కంటకాపల్లి. పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ కొట్టింది. ఆటోమేటిక్ సిగ్నలింగ్ (స్టేషన్ల మధ్య వరసగా ఉండి, ముందు బండిని బట్టి వాటంతట అవే మారే సిగ్నళ్లు) ఉన్న లైను. పాడైన సిగ్నళ్లను నిబంధన ప్రకారం దాటలేదు. పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, తర్వాత గంటకు 15 కి.మీ. మించకుండా, చూపు ఆనకపోతే 10 మించకుండా వెళ్లాలి. ఆ నిబంధన పుస్తకంలో ఉంది, ఇంజన్లో లేదు. కవచ్ ఉంటే ఆ హద్దును ఇంజనే పాటింపజేసేది. ఆ రోజు ఆ లైనుకూ ఆ బండికీ కవచ్ లేదు.

సిగ్నల్_గది
ఇది సరైన ఉదాహరణ. బాలాసోర్‌ను మాత్రం ఈ పద్దులో వేయకండి. 2023 జూన్ 2న బహనగా బజార్‌లో సిగ్నల్ మెయిన్ లైనుకు ఆకుపచ్చ ఇచ్చింది, పాయింటు లూప్‌కు పడి ఉంది. గేటు దగ్గర సర్క్యూట్ మార్పుల్లో జరిగిన వైరింగ్ తప్పులే కారణమని విచారణ చెప్పింది. కవచ్ ఇంటర్‌లాకింగ్ ఏం చెబితే అది నమ్ముతుంది. అక్కడ తప్పు సమాచారం వస్తే లోకోకు కూడా అదే తప్పు ఆకుపచ్చ చేరుతుంది. ఆ ప్రమాదాన్ని చూపించి కవచ్‌కు డబ్బు అడిగితే, అసలు డబ్బు కావాల్సిన చోటు మరుగున పడుతుంది. మార్పు చేసిన ప్రతిసారీ వైరింగ్‌ను డ్రాయింగ్‌తో సరిచూడటం, పాయింటు నిజంగా ఎటు ఉందో చూసి సిగ్నల్‌తో పోల్చే కరస్పాండెన్స్ టెస్ట్, దానికి చాలినంత డిస్‌కనెక్షన్ సమయం (పని కోసం సిగ్నళ్లను వాడకం నుంచి తప్పించే సమయం). ఇవి లేకుండా పైన ఎంత కొత్త కంప్యూటర్ పెట్టినా అదే ప్రమాదం.

కంట్రోల్_చార్ట్
ఇక రాబడి వైపు. చాలామంది “కవచ్ వస్తే బళ్లు పెరుగుతాయి” అంటారు. ఇది విడదీసి చూడాలి.

అబ్సల్యూట్ బ్లాక్‌లో, అంటే రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒకే బండి పద్ధతిలో, స్టేషన్ల మధ్య 10 కి.మీ. అనుకోండి. గంటకు 50 సగటుతో గూడ్సుకు 12 నిమిషాలు. లైన్ క్లియర్ తీసుకుని, రూటు పెట్టి, సిగ్నల్ తీయడానికి ఇంకో 3–4. కాబట్టి 16 నిమిషాలకొక బండి. ఆటోమేటిక్ సిగ్నలింగ్ వేసి కిలోమీటరుకో సిగ్నల్ పెడితే, వెనక బండికి ఎప్పుడూ ఆకుపచ్చ కనబడాలంటే మూడు సిగ్నళ్ల దూరం, 120 మీటర్ల ఓవర్‌ల్యాప్ (సిగ్నల్ దాటాక ఖాళీగా వదిలే జాగా), 700 మీటర్ల బండి పొడవు, అన్నీ కలిపి 4 కి.మీ.లోపు. అదే 50 వేగంతో 5 నిమిషాలు. కాగితం మీద 5 అయితే పనిలో 8 అనుకోండి. అయినా సగం.

కవచ్ ఈ రెండు చోట్లా ఉన్న సిగ్నళ్లనే చదువుతుంది, వాటిని దగ్గరకు జరపదు. దారుల సంఖ్య (ఎన్ని బళ్లు నడపడానికి వీలుంది అన్నది) పెరిగేది ఆటోమేటిక్ సిగ్నలింగ్ వల్ల.

లెక్కల_శాస్త్రి
మరి రెండూ కలిపి వేస్తే? ఒక బొగ్గు రేకు (ఒక బండి వ్యాగన్లన్నీ కలిపి) 3,800 టన్నులు మోస్తుందనుకుందాం. 290 కి.మీ.కు టన్ను-కిలోమీటరుకు రూపాయిన్నర వేస్తే ఒక్క బండికి 16.5 లక్షలు. అందులో సగం కరెంటు, సిబ్బంది, అరుగుదలకు పోతే మిగిలేది 8 లక్షల పైన. రోజుకు ఒక్క అదనపు రేకు నడిస్తే ఏడాదికి 30 కోట్లు. రెండు నడిస్తే 60. నేను రాసిన 45 కోట్లు దాటిపోయింది. రోజుకు రెండు రేకులు, అంతే.

గుంతకల్లు_గూడ్స్
విజయవాడ–గూడూరు మూడో లైను వేస్తూ ఉన్నారు కదా. దాని ప్రాజెక్టు రిపోర్టులో కూడా ఇవే అదనపు రేకులు రాసి ఉంటాయి. ఒకే రేకును మూడో లైనూ, ఆటోమేటిక్ సిగ్నలింగూ, కవచూ మూడూ తమ రాబడిగా చూపిస్తే ఎలా? పైగా అదనపు దారి ఉన్నంత మాత్రాన సరుకు రాదు. గూడూరు వైపు యార్డులో లైను ఖాళీ లేకపోతే ఆ రేకు సెక్షన్‌లోకి వచ్చి లూప్‌లో కూర్చుంటుంది.

కంట్రోల్_చార్ట్
అవును. ఆటోమేటిక్ సెక్షన్‌లో ఒక బండి వెనక ఒకటి వరసగా వచ్చి జంక్షన్ బయట నిలబడిపోవడం మామూలే. యార్డు మార్పు లేకుండా సెక్షన్ సామర్థ్యం పెంచితే క్యూ స్థలం మారుతుంది తప్ప ప్రయాణ సమయం తగ్గదు.

కాజీపేట_వ్యాగ్9
గూడ్సు గురించి ఇంకోటి. కవచ్ ఉన్నంక బండి ఇంకాస్త నెమ్మదైతది, తెల్సా? బండి ఎక్కంగనే లోకో పైలట్ బండి రకం, బరువు, పొడవు నింపుతడు. దాన్ని బట్టి బ్రేకింగ్ లెక్క కడతది. బ్రేక్ పవర్ సర్టిఫికెట్ మంచిగున్న రేకునైనా సిస్టమ్ జాగ్రత్త పడి ముందునుంచే ఆపమంటది. తెలిసిన పైలట్ ఎల్లో చూసినంక ఇంకా కొంచెం దూరం రాబడతడు. కవచ్ అట్ల ఊకోదు. ముందు బజర్, ఆ తర్వాత సర్వీస్ బ్రేకు, చివరకు ఎమర్జెన్సీ. 58 వ్యాగన్ల రేకుకు ఎమర్జెన్సీ బ్రేకు పడితే బ్రేక్ పైప్ మళ్ల నిండి, బ్రేకులన్నీ వదిలి కదిలేదాకా ఎంత సమయం పోతదో కంట్రోల్ అన్నకే ఎరుక.

కంట్రోల్_చార్ట్
అందుకే ఆపడం ఖరీదు కూడా రాసుకోవాలి. 5,000 టన్నుల బండి 60 వేగంతో వెళ్తుంటే దాని గతిశక్తి దాదాపు 193 యూనిట్లు. ఆగి మళ్లీ అదే వేగం అందుకోవడానికి నష్టాలతో కలిపి 240 యూనిట్ల దాకా. రీజెనరేటివ్ బ్రేకుతో ఆపితే కొంత తిరిగి వస్తుంది. ఎమర్జెన్సీ బ్రేకుతో ఆపితే అంతా బ్రేక్ బ్లాకుల్లో వేడిగా పోతుంది. అనవసరంగా పడే ఒక్కో ఎమర్జెన్సీకి కరెంటే వెయ్యి, పదిహేను వందలు. దారి పోవడం దానికంటే చాలా ఎక్కువ. ఎదురుగా లాభం కూడా ఉంది: ముందు సిగ్నల్ ఏ రంగో క్యాబ్‌లోనే కనబడుతుంది కాబట్టి, వంపు తిరిగాక సిగ్నల్ చూసి తేల్చుకోవాల్సిన చోట పైలట్ ముందే వేగం తగ్గించనక్కర్లేదు. పొగమంచు ఉండే ఉత్తరాది లైన్లలో ఈ పద్దు పెద్దది. అక్కడ ఫాగ్ సేఫ్ పరికరం ఉన్నా 75 మించకూడదు. మన దగ్గర చిన్నది.

డాన్‌కాస్టర్_తెలుగోడు
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఈస్ట్ కోస్ట్ మెయిన్ లైన్‌కు లెక్క వేరే దారిలో వేశారు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి స్టోక్ సొరంగాల దాకా 100 మైళ్లు, దాదాపు 1.4 బిలియన్ పౌండ్ల కార్యక్రమం. వాళ్లు రాసుకున్న ముఖ్యమైన మాట: ఉన్న సిగ్నళ్ల ఆయుష్షు ఎలాగూ తీరిపోతోంది, మళ్లీ దీపాలే పెట్టినా ఖర్చవుతుంది. కాబట్టి ఈటీసీఎస్ (కవచ్ లాంటి యూరప్ వ్యవస్థ) ఖర్చు నుంచి ఆ ఖర్చు తీసేసి, మిగిలిన తేడాకే గిట్టుబాటు చూపితే చాలు. మూర్‌గేట్–ఫిన్స్‌బరీ పార్క్ మధ్య 2025 మేలో దారి పక్క సిగ్నళ్లు తీసేశారు కూడా. స్తంభం లేదు, కేబుల్ లేదు, దీపం మార్చడానికి ట్రాక్ మీదకు మనిషి వెళ్లనక్కర్లేదు.

కవచ్ అలా కాదు. ఉన్న సిగ్నళ్ల మీద ఇంకో పొర. సిగ్నల్ నిర్వహణ ఖర్చు అలాగే ఉంటుంది, దాని మీద కవచ్ నిర్వహణ. శాస్త్రిగారి లెక్కలో ఆదా పద్దు ఖాళీగా ఉన్నది అందుకే.

సిగ్నల్_గది
నిజమే. కానీ ఆ పొర ఉండటమే ఇక్కడ బలం కూడా. లోకో కవచ్ పాడైతే ఐసొలేట్ చేసి (దాన్ని పక్కన పెట్టి) సిగ్నళ్లు చూసుకుంటూ వెళ్లొచ్చు. దారి పక్క సిగ్నళ్లు తీసేసిన లైనులో పరికరం లేని బండి అడుగు పెట్టలేదు. మన దగ్గర లోకోలు పదివేల పైన. అన్నిటికీ అమర్చే దాకా సిగ్నళ్లు తీయడం కుదరదు.

డాన్‌కాస్టర్_తెలుగోడు
డెన్మార్క్ సరిగ్గా అక్కడే చిక్కుకుంది. 2009లో దేశం మొత్తం సిగ్నళ్లు మార్చాలని నిర్ణయించారు, 2021కి పూర్తి కావాలి. ట్రాక్ పని కంటే రైళ్లలో పరికరాలు అమర్చడం ఆలస్యమై గడువు 2030 దాటింది. పాత రైలు రకం ఒక్కోదానికి వైరింగ్, బ్రేక్ ఇంటర్‌ఫేస్ మళ్లీ కొత్తగా డిజైన్ చేయాలి. మొదటి రైలుకే ఎక్కువ కాలం పడుతుంది.

సాఫ్ట్‌వేర్ వైపు ఒక హెచ్చరిక: వేల్స్‌లోని కేంబ్రియన్ లైనులో 2017 అక్టోబరు 20న సిగ్నలింగ్ కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక తాత్కాలిక వేగ పరిమితుల డేటా రైళ్లకు వెళ్లలేదు. కంట్రోల్ తెరమీద మాత్రం పరిమితులు ఉన్నట్టే కనబడ్డాయి. 30 ఉండాల్సిన చోట రైలు 80 వేగంతో వెళ్లింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ సిగ్నల్ స్తంభం, పక్కన బోర్డు లేని లైనులో పైలట్ చూసి అనుమానించడానికి ఏమీ మిగలదు.

మియాపూర్_మెట్రో
హైదరాబాద్ మెట్రోలో సీబీటీసీ (రేడియోతో రైళ్లను నియంత్రించే సిగ్నలింగ్) మొదటి రోజు నుంచే ఉంది, 2017 నవంబరు నుంచి. అక్కడ ఇంత చర్చ లేదు కదా?

కంట్రోల్_చార్ట్
ఎందుకంటే అక్కడ రైళ్లన్నీ అదే లైనువి, బయట నుంచి ఒక్క బండి రాదు. కాజీపేట అన్న చెప్పిన లోకో వాటా నూటికి నూరు. సివిల్ పనులతో పాటే వేశారు కాబట్టి నడుస్తున్న లైను మీద బ్లాక్ తీసుకునే (పని కోసం బళ్లు ఆపే) ఖర్చూ లేదు. రైళ్లు బయటికి పోని లైనులో ఈ లెక్క తేలిగ్గా తేలుతుంది. ఢిల్లీ–మీరట్ ఆర్‌ఆర్‌టీఎస్ (ప్రాంతీయ వేగ రైలు) లైనులో ఈటీసీఎస్‌ను ఎల్‌టీఈ (4జీ రేడియో) మీద నడపగలిగిందీ అందుకే.

పీవే_కీమ్యాన్
ఎవరూ ట్రాక్ వాళ్ల సంగతి రాయలేదు. ట్యాగులు స్లీపర్ మీద ఉంటాయి. కంకర సర్దే ట్యాంపింగ్ మెషీన్ వచ్చిందంటే తీయాలి, బ్యాలస్ట్ క్లీనింగ్ మెషీన్ వస్తే తీయాలి, స్లీపర్ మారిస్తే తీయాలి. తీసి మళ్లీ అక్కడే పెట్టాలి. ఎవరు తీస్తారు, ఎవరు పెడతారు? గ్యాంగు వాళ్లు తీసి పక్కన పెడితే సిగ్నల్ వాళ్లు వచ్చేసరికి రెండు ట్యాగుల చోటు మారిపోవచ్చు. ట్యాగ్‌లో రాసి ఉన్న చోటు ఒకటి, అది ఉన్న చోటు ఇంకొకటి అయితే ఏమవుతుందో సిగ్నల్ గది గారు చెప్పాలి.

సిగ్నల్_గది
చాలా అవసరమైన ప్రశ్న. లోకో తన స్థానాన్ని ట్యాగు చదివి తెలుసుకుంటుంది, తర్వాతి ట్యాగు దాకా చక్రం తిరిగిన లెక్కతో దూరం కడుతుంది. క్రమం తప్పిన ట్యాగు చదివితే ఒప్పుకోదు, లోపం నమోదు చేస్తుంది, అవసరమైతే బ్రేకు వేస్తుంది. ప్రమాదం వైపు కాకుండా ఆలస్యం వైపు పడుతుంది. కానీ ఆ ఆలస్యం రోజూ జరిగితే పైలట్లకు వ్యవస్థ మీద నమ్మకం పోతుంది, ఐసొలేట్ చేయమని కంట్రోల్‌ను అడుగుతారు. అప్పుడు 265 కోట్లూ వృథా.

చక్రం విషయం కూడా ఇదే. కొత్త చక్రం 1,092 మి.మీ., అరిగాక హద్దు 1,016. షెడ్‌లో చక్రాన్ని లేత్ మీద చెక్కాక కొత్త వ్యాసం నమోదు చేయకపోతే గరిష్ఠంగా 7 శాతం తేడా, కిలోమీటరుకు 70 మీటర్లు. కిలోమీటరుకు మించకుండా ట్యాగులు పెట్టడానికి ఇదొక కారణం.

చేయాల్సింది: మెషీన్ బ్లాక్ కార్యక్రమంలోనే సిగ్నల్ మనిషి పేరు ఉండాలి. ట్యాగు తీసే ముందు చదివే పరికరంతో దాని నంబరు, స్లీపర్ నంబరు రాసుకోవాలి. పెట్టాక మళ్లీ చదివి రెండూ సరిపోయాయని సంతకం. ఆ తర్వాతే బ్లాక్ వదలాలి.

పీవే_కీమ్యాన్
ఆ మనిషిని ఇస్తే మాకూ ఇబ్బంది లేదండి. ఇప్పుడున్న సిగ్నల్ సిబ్బందితో ప్రతి మెషీన్‌కూ ఒకరిని పంపడం జరిగే పని కాదు. అందుకే శాస్త్రిగారి 4 శాతం తక్కువ.

లెక్కల_శాస్త్రి
6 శాతం చేస్తున్నా. 15.9 కోట్లు.

ఎర్రదీపం
రేడియో మాటేమిటి? ఇప్పుడు యూహెచ్‌ఎఫ్ మీద నడుస్తోంది. ఎల్‌టీఈ కోసం 2021 జూన్‌లో 700 మెగాహెర్ట్జ్‌లో 5 మెగాహెర్ట్జ్ కేటాయించారు. ఆ ప్రాజెక్టు అంచనా 25,000 కోట్ల పైన. అది 50 లక్షల్లో ఉందా?

సిగ్నల్_గది
లేదు. కానీ అదంతా కవచ్ మీద వేయకూడదు. డ్రైవర్–గార్డు మాటలు, అత్యవసర కాల్, రైల్లోని సీసీ కెమెరాల వీడియో, అన్నీ దాని మీదే వెళ్తాయి. కవచ్ వాటా ఎంత అన్నది వాడకాన్ని బట్టి పంచాలి. యూహెచ్‌ఎఫ్‌లో ఇబ్బంది ఎక్కడంటే పెద్ద యార్డులో. రెండు సెకన్లకొక చక్రంలో ప్రతి లోకోకూ ఒక స్లాట్ ఉండాలి. విజయవాడ లాంటి చోట ఒకేసారి చాలా లోకోలు ఉంటాయి.

గుంతకల్లు_గూడ్స్
వెర్షన్ మార్పు ఖర్చు కూడా రాయండి. దక్షిణ మధ్యలో ముందు వేసింది 3.2. ఇప్పుడది 4.0 కావాలి. మొదట వేసినవాళ్లు రెండుసార్లు ఖర్చు పెడుతున్నారు. తయారీ కంపెనీల్లో మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. ఆ దగ్గరితనం పరీక్షల కాలంలో బాగా పనికొచ్చింది. కానీ ఒక కంపెనీ లోకో ఇంకో కంపెనీ స్టేషన్ దగ్గరకు వెళ్లినప్పుడు అన్ని సందర్భాల్లో ఒకేలా మాట్లాడుకుంటోందా అన్నది ప్రతి వెర్షన్‌కూ మళ్లీ పరీక్షించాలి.

సిగ్నల్_గది
దాంతో పాటు యార్డు మార్పు. ఒక లూప్ లైను పొడిగిస్తే సిగ్నల్ ప్లాన్, ట్యాగ్ లేఅవుట్, కంట్రోల్ టేబుల్, అప్లికేషన్ డేటా అన్నీ మారాలి. ప్రతి సిగ్నల్ ప్రతి రంగుకూ లోకోతో మళ్లీ పరీక్ష. మూడో లైను పూర్తి కాకముందే కవచ్ వేస్తే ప్రతి స్టేషన్‌లో ఇది రెండుసార్లు చేయాలి. శాస్త్రిగారూ, మీ సెక్షన్‌లో ఏ స్టేషన్ యార్డు పని అయిపోయిందో దాని ప్రకారం అంచెలుగా వేయమని రాయండి, ఖర్చులో పెద్ద తేడా వస్తుంది.

కంట్రోల్_చార్ట్
ఒక రాబడి పద్దు మాత్రం పూర్తిగా కవచ్‌దే: 130 దాటిన వేగం. 130 పైన నడపాలంటే దారి పక్క సిగ్నల్ చూసి ఆపుకోవడం మీద ఆధారపడలేం, క్యాబ్‌లో సిగ్నల్, బ్రేకు పర్యవేక్షణ ఉండాలి. గతిమాన్ 2016లో 160 అందుకున్నది ఆగ్రా లైనులో అలాంటి వ్యవస్థ ఉండబట్టే. విజయవాడ–గూడూరులో 2022 నుంచి 130 ఉంది. 160కి కంచె, వంపుల సవరణ, ఓహెచ్‌ఈ (పైనున్న కరెంటు తీగల) మార్పు కూడా కావాలి. ఒకే లైనులో 160 వందేభారత్, 60 గూడ్సు కలిపి నడిపితే గూడ్సు దారులు తగ్గుతాయి. ఆ నష్టం కూడా పక్కనే రాయాలి.

లెక్కల_శాస్త్రి
ఇంతవరకూ వచ్చినవి పెట్టి పట్టిక మార్చాను.

ఖర్చు వైపు: వాయిదా 35, నిర్వహణ 15.9, దాదాపు 51 కోట్లు. వెర్షన్ మార్పు, ఎల్‌టీఈ వాటా విడిగా, ప్రస్తుతానికి ఖాళీ. ఆదా: సున్నా, దారి పక్క సిగ్నళ్లు ఉన్నంతకాలం. అదనపు రేకులు: మూడో లైను ఖాతాలోనే ఉంచాను, ఇక్కడ తీసేశాను. భద్రత: సెక్షన్‌లో రోజువారీ బళ్లు × కవచ్ ఉన్న లోకోతో వచ్చే బళ్ల వాటా. దీన్ని రూపాయల్లోకి మార్చడం లేదు, సెక్షన్‌ల మధ్య వరస తేల్చడానికి మాత్రమే వాడుతున్నా. ఏటా ఒక కోటికి రోజుకు ఎన్ని రక్షిత బళ్లు అన్నది కొలత. రోజుకు 100 బళ్లు, 40 శాతం లోకోలు అయితే 51 కోట్లకు 40 బళ్లు, కోటికి 0.8. లోకో వాటా 80కి తెస్తే, ఆ అదనపు లోకోల ఖర్చు కలపకముందు, కోటికి 1.5 దాటుతుంది. దానికి పడేది ఇంకొన్ని లోకోల ఖర్చు మాత్రమే, లైనుకు పైసా పెంచనక్కర్లేదు.

కాజీపేట_వ్యాగ్9
అంటే కొత్త సెక్షన్ ఎత్తుకునే ముందు ఉన్న సెక్షన్ల తిరిగే లోకోలు నింపాలె, గదే కదా మీ పట్టిక అంటున్నది?

లెక్కల_శాస్త్రి
అదే. 40 నుంచి 80కి పోవడానికి ఏ లోకోలు ముందో మీరే చెప్పాలి.

కాజీపేట_వ్యాగ్9
ఎక్స్‌ప్రెస్‌ల లోకోలే ముందు. వాటికి లింకులు రాసి ఉంటయి, ఏ రోజు ఏ బండి పట్టాల్నో తెలుసు. లాలాగూడ, విజయవాడ, రాయపురం, ఈరోడ్, ఇంక హౌరా దిక్కు షెడ్లు, ఈ ఐదారు షెడ్ల వ్యాప్-7లకు పెడితే ఈ సెక్షన్‌ల ప్రయాణికుల బళ్లు చాలామట్టుకు వచ్చేస్తయి. పీవోహెచ్‌కు (వర్క్‌షాప్‌ల పూర్తి మరమ్మతుకు) వచ్చినప్పుడు పెడితే వేరే ఆపే పని లేదు. కాకపోతే అట్ల పెడితే అన్నీ తిరిగొచ్చేసరికి ఏండ్లు పడ్తది. షెడ్‌ల నెలవారీ షెడ్యూల్‌లనే బ్రాకెట్లు, కేబుళ్లు ముందు వేసి పెట్టుకోవాలె, పరికరం రాంగనే బిగించి పరీక్ష చేయాలె. గూడ్సు లోకోలు వ్యాగ్-9లకు లింకు లేదు, అవి తర్వాత, దేశమంతట ఒక్కసారి పెట్టాల్సినవి.

కంట్రోల్_చార్ట్
రాయపురం, ఈరోడ్ దక్షిణ రైల్వేవి, హౌరా వైపువి ఇంకో రెండు జోన్‌లవి. లైను ఒక జోన్‌ది, లోకోలు నాలుగు జోన్‌లవి. లోకో అమరికకు నిధులు లోకో ఏ షెడ్‌దైతే ఆ జోన్‌కు కాకుండా, ఆ లోకో ఎక్కువ కిలోమీటర్లు తిరిగే కవచ్ సెక్షన్ పనికి కలిపి మంజూరు చేయమని రాయండి శాస్త్రిగారూ. లేకపోతే ఆ 80 శాతం పట్టికలోనే ఉంటుంది.

లెక్కల_శాస్త్రి
రాస్తున్నా. లింకుల్లో షెడ్‌ల వారీగా ఈ సెక్షన్‌లో తిరిగే కిలోమీటర్ల వాటా ఎంతో కాజీపేట అన్న ఇస్తే, దాన్ని పట్టిక కింద జత చేస్తా.